కట్టడి ముందా, మాట ముందా?

మానసిక వ్యాధి ముదిరి ఆసుపత్రికి తెచ్చిన మనిషి అనగానే చాలామంది కళ్లముందు కదిలే బొమ్మ ఒకటే. అరుస్తూ పెనుగులాడే రోగి, ఒడిసిపట్టిన నలుగురు, ఒక సూది, మంచానికి బిగించిన కట్లు. సినిమాలు ఆ బొమ్మను నవ్వించడానికీ వాడుకున్నాయి, ఏడిపించడానికీ వాడుకున్నాయి. కాసేపటికి వార్డు సద్దుమణుగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, పని అయిపోయినట్టే లెక్క. వైద్యం దృష్టితో చూస్తే అక్కడ ఆగింది గోల మాత్రమే. ఆ మనిషికి ఏమైందో ఇంకా ఎవరికీ తెలియదు, చెప్పడానికి అతనిప్పుడు నోరు విప్పే స్థితిలో లేడు. ఉద్రేకంతో వచ్చిన రోగి విషయంలో వైద్యులు పెట్టుకోవలసిన గురి వేరే ఉంది. తన వైద్యంలో తానూ పాలుపంచుకునేంతగా రోగి కుదుటపడడమే ఆ గురి. దాన్ని ఒప్పుకుంటే మాట, మందు, కట్టడి అనే మూడింటిలో ఏది ముందో ఏది చివరో దానంతటదే తేలిపోతుంది. చాలాచోట్ల తలకిందులైన ఈ వరుసను సరిచేయడం పైకి జాలిగుండె వ్యవహారంలా కనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, రోగికీ సిబ్బందికీ ప్రాణభద్రత దక్కేది ఆ వరుసలోనే.

ఉద్రేకం దానంతటది ఒక జబ్బు కాదు. జ్వరంలాగా అది ఎన్నో జబ్బుల లక్షణం. స్కిజోఫ్రీనియాలో చెవిలో గొంతులు బెదిరిస్తున్నప్పుడు రావచ్చు, మేనియాలో రోజుల తరబడి కంటిమీద కునుకు లేక రావచ్చు. అయితే షుగర్ మందు వేసుకుని అన్నం తినని పెద్దాయన కూడా అచ్చం అలాగే తిడతాడు, చేతికందింది విసురుతాడు. అక్కడ కారణం రక్తంలో గ్లూకోజు పడిపోవడం. గ్లూకోజు ఎక్కిస్తే కొద్ది నిమిషాల్లో మామూలు మనిషవుతాడు. బైకు మీంచి పడి తలలో రక్తస్రావమైనవాడు, ఫిట్స్ నుంచి తేరుకుంటున్నవాడు, మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ సోకినవాడు, ఆక్సిజన్ అందక అల్లాడేవాడు, ఉమ్మెత్త గింజలు తిన్నవాడు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్లో సోడియం తగ్గడం వల్లో మతి తప్పిన ముసలావిడ, వీళ్లందరి గురించీ ఇంట్లోవాళ్లు చెప్పేది ‘పిచ్చెక్కింది’ అనో ‘గాలి సోకింది’ అనో. ఇదివరకు ఏ మానసిక సమస్యా లేని మనిషిలో నడివయసు దాటాక ఉన్నట్టుండి ఇలా మొదలైతే, ఒంట్లో జ్వరం ఉంటే, తానెక్కడున్నాడో ఏ పూటో తెలియకపోతే, తెలివి వస్తూ పోతూ ఉంటే, లేనివి కళ్లకు కనిపిస్తుంటే ముందు అనుమానించవలసింది శరీరాన్ని. వేలికొన నుంచి ఒక రక్తపు చుక్క, ఆక్సిజన్ కొలిచే క్లిప్పు, బీపీ, థర్మామీటరు, ఈ నాలుగూ ఏ చిన్న ఆసుపత్రిలోనైనా దొరుకుతాయి. ముందు మత్తిచ్చి పడుకోబెట్టి పరీక్షలు తెల్లవారాక చూద్దామనుకుంటే, తలలో రక్తం కారుతున్న మనిషి విషయంలో ఆ తెల్లవారడమే ఆలస్యం కావచ్చు.

తెలుగునాట దీనికి ప్రత్యేకమైన ఉదాహరణ కల్లు. తెలంగాణలోని కొన్ని జిల్లాల్లో కల్లులో క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు కలపడం చాలాకాలంగా ఉన్న రోగం. రోజూ తాగేవాళ్లకు తెలియకుండానే శరీరం ఆ మందులకు అలవాటు పడుతుంది. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమైనప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో, పొంతనలేని మాటలతో ఆసుపత్రులకు చేరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతబడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి మళ్లీ అదే తాకిడి. మద్యం హఠాత్తుగా మానిన రెండు నుంచి నాలుగు రోజుల్లో కొందరిలో వచ్చే సన్నిపాత స్థితి ప్రాణాంతకం. అప్పుడు కావలసింది లొరాజిపామ్ లాంటి మందు, థయమిన్ అనే బి1 విటమిన్, సెలైన్, నిఘా. అలాంటి మనిషికి కారణం అడగకుండా హాలోపెరిడాల్ ఒక్కటే పొడిస్తే గోల తగ్గినట్టు కనిపించినా, ఫిట్స్ వచ్చే ముప్పు పెరుగుతుంది. పైకి ఒకేలా కనిపించే ఉద్రేకానికి మందు ఒకటి కాదు. మందు తేలాలంటే కారణం తేలాలి. కారణం తేలాలంటే ఎప్పుడు తాగాడో, ఎప్పుడు మానాడో రోగి నోటో ఇంటివాళ్ల నోటో వినాలి.

మానసిక వ్యాధి ఉందని ముందే తెలిసిన రోగి విషయంలోనూ ఈ వెతుకులాట ఆగకూడదు. హాలోపెరిడాల్ తరహా మందులు కొందరిలో ఒక చోట కూర్చోనివ్వని, నిలవనివ్వని భరించరాని అశాంతిని పుట్టిస్తాయి. వైద్యులు దాన్ని అకథీసియా అంటారు. గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్న ఆ మనిషిని చూసి జబ్బు పెరిగిందనుకుని అదే మందు మోతాదు పెంచితే, నిప్పు మీద నూనె పోసినట్టే. ఉద్రేకానికి భయమూ తోడవుతుంది. తనను చంపడానికి ఎవరో వెంటాడుతున్నారని నమ్మే మనిషిని చుట్టుముట్టి చేతులు విరిచిపడితే, అతని నమ్మకానికి మనమే సాక్ష్యం ఇచ్చినవాళ్లమవుతాం. అతని పెనుగులాట అతని దృష్టిలో ఆత్మరక్షణ. హింస చాలాసార్లు ఉరుములేని పిడుగులా పడదు. పచార్లు చేయడం, పిడికిళ్లు బిగించడం, గొంతు పెరగడం, ఒకే మాట తిరిగి తిరిగి అనడం ముందే కనిపిస్తాయి. ఆ దశలో కలగజేసుకుంటే మాట పనిచేసే అవకాశం చాలా ఎక్కువ.

ఆ మాట ఎలా ఉండాలన్నది ఎవరి వాక్చాతుర్యానికో వదిలేసిన విషయం కాదు. అమెరికాలోని అత్యవసర మానసిక వైద్యుల సంఘం ‘ప్రాజెక్ట్ బీటా’ పేరుతో 2012లో వెలువరించిన మార్గదర్శకాలు దాన్ని నేర్వదగిన పద్ధతిగా విడమరిచాయి. రోగికి కనీసం రెండు చేతుల దూరంలో నిలబడాలి. తలుపు దారి అతనికీ మనకూ అడ్డు లేకుండా ఉండాలి. మాట్లాడేది ఒక్కరే కావాలి. నలుగురూ తలా ఒక మాట అంటే ఏదీ చెవికెక్కదు. పేరు చెప్పి, ఎవరో చెప్పి, చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడాలి. ‘బాబూ, నేను ఇక్కడి డాక్టర్ని. మీకు ఏ హానీ జరగకుండా చూసుకుంటాను. ముందు నీళ్లు తాగుతారా?’ అనే మూడు ముక్కలు ‘ఏయ్, నోరు మూసుకుని కూర్చో’ అన్నదానికంటే కాస్త ఎక్కువ సమయం తీసుకున్నా, ఎక్కువ పని చేస్తాయి. భ్రమలతో వాదించకూడదు, అవి నిజమని నటించనూకూడదు. ‘ఆ గొంతులు నాకు వినిపించడం లేదమ్మా, మీకు వినిపిస్తున్నాయని మాత్రం నమ్ముతున్నాను, చాలా భయమేస్తూ ఉండాలి’ అంటే ఆమెను అబద్ధాలకోరును చేసినట్టూ కాదు, మనం అబద్ధమాడినట్టూ కాదు. హద్దులు కూడా చెప్పాలి. కొట్టడం కుదరదని, బెదిరింపు లేకుండా, స్పష్టంగా. ఆపై ఎంచుకునే వీలు ఇవ్వాలి. మాత్ర వేసుకుంటారా, సూది వేయించుకుంటారా? మంచం మీద కూర్చుంటారా, కుర్చీలోనా? చేతిలో ఏ పట్టూ మిగలని మనిషికి చిన్న ఎంపిక దొరకడం కూడా పెద్ద ఊరటే.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. మాటలతో శాంతింపజేయడం గొప్పదని చెప్పడానికి శాస్త్రీయ ఆధారం ఏది? నిజమే, 2017లో కోక్రేన్ సంస్థ సమీక్షకులు మానసిక రోగుల ఉద్రేకంలో ఈ పద్ధతిని పరీక్షించిన అధ్యయనాల కోసం వెతికితే, వాళ్ల ప్రమాణాలకు తూగిన ప్రయోగం ఒక్కటీ దొరకలేదు. ఈ లోటును దాచిపెట్టనక్కర్లేదు. కానీ రెండో పళ్లెంలో ఏముందో కూడా చూడాలి. కట్టేయడం రోగికి మేలు చేస్తుందని చూపే గట్టి ప్రయోగాలూ లేవు, దాని హాని మాత్రం నమోదై ఉంది. ఆధారం రెండువైపులా పలచగా ఉన్నప్పుడు, విఫలమైతే పోయేది అయిదారు నిమిషాలైన పద్ధతితో మొదలుపెట్టి, విఫలమైతే ప్రాణం పోగల పద్ధతిని చివరికి ఉంచుకోవడమే వివేకం. మాట విఫలమైతే మందుకు వెళ్లే దారి తెరిచే ఉంటుంది. బలప్రయోగం విఫలమైతే మాటకు వెనక్కి రావడం చాలా కష్టం.

మందు విషయానికి వస్తే మాత్రం ఆధారం పలచగా లేదు. అందులో పెద్ద వాటా మనకు పొరుగునే ఉన్న వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీది. అక్కడి వైద్యులు 2004లో ప్రచురించిన ప్రయోగంలో ఉద్రేకంతో వచ్చిన 200 మందికి చీటీల పద్ధతిలో లొరాజిపామ్ సూదో, హాలోపెరిడాల్, ప్రోమెథజైన్ కలిపిన సూదో ఇచ్చారు. నాలుగు గంటలకు రెండు వర్గాల్లోనూ 96 శాతం మంది శాంతించో నిద్రపోయో ఉన్నారు. జంట మందు తీసుకున్నవాళ్లలో 76 శాతం నిద్రలోకి జారుకోగా, లొరాజిపామ్ వర్గంలో అలా నిద్రపోయింది 45 శాతమే. 2007లో అక్కడే 300 మందిపై జరిగిన మరో ప్రయోగంలో ఖరీదైన ఒలాంజపైన్ సూది చవకైన జంట మందుతో సమానంగా పనిచేసింది. అయితే నాలుగు గంటల్లోపు మళ్లీ మందు అవసరమైనవాళ్లు ఒలాంజపైన్ వర్గంలో 43 శాతం, జంట మందు వర్గంలో 21 శాతం. అదే ఏడాది బ్రెజిల్‌లోని రియో డి జనీరో నుంచి వెలువడిన ప్రయోగం హాలోపెరిడాల్‌ను ఒంటరిగా ఇవ్వడంలోని కీడును బయటపెట్టింది. మెడ మెలిపడి కళ్లు పైకి తిరిగిపోయే కండరాల బిగుసుకుపాటు వచ్చిన 10 మందీ ప్రోమెథజైన్ అందని వర్గంలోనివాళ్లే. బ్రిటన్‌లో నైస్ సంస్థ 2015 మార్గదర్శకాల్లో సూచించినవి లొరాజిపామ్ లేదా ఈ జంట మందే. వెల్లూరు, రియోల రద్దీ ఆసుపత్రుల్లో పుట్టిన జ్ఞానం సంపన్న దేశాల పద్ధతుల్లోకి చేరింది. ఇది పేదరికంలో అమలుకు కుదరని ఆదర్శమని ఇక అనలేం.

ఆ అంకెలను మరోసారి చూస్తే అసలు ప్రశ్న పైకి వస్తుంది. వెల్లూరులో లొరాజిపామ్ అందుకున్నవాళ్లలో సగం మందికి పైగా నిద్రపోకుండానే నాలుగు గంటలు గడిపారు, అయినా దాదాపు అందరూ శాంతించారు. అంటే శాంతి వేరు, నిద్ర వేరు. గాఢనిద్ర కావలసిన సందర్భాలు ఉంటాయి. తక్షణ ప్రమాదం ఉంటే వేగంగా నిద్రపుచ్చే జంట మందే మేలు కావచ్చు. కానీ తలకు దెబ్బ తగిలిందేమోనని గమనిస్తూ ఉండవలసిన మనిషిని, ఏం మింగాడో చెప్పవలసిన మనిషిని నిద్రలో ముంచేస్తే మనకు మనమే కళ్లగంతలు కట్టుకున్నట్టు. ఏ సూదికైనా దాని ప్రమాదం ఉంది. మద్యం తాగివున్న మనిషికి నిద్రమందు ఊపిరిని మందగింపజేయవచ్చు. ఒలాంజపైన్, లొరాజిపామ్ సూదులను ఒకదాని వెంట ఒకటి పొడవకూడదు. హాలోపెరిడాల్ గుండె లయపై ప్రభావం చూపవచ్చు. అందుకే సూది తరవాత రోగి ఊపిరి, నాడి, బీపీ, మెలకువ చూస్తూ ఉండడం చికిత్సలో సగం. 2019లో అమెరికాలోని కొలరాడోలో ఎలైజా మెక్లెయిన్ అనే 23 ఏళ్ల యువకుణ్ని పోలీసులు అదిమిపట్టగా అంబులెన్సు సిబ్బంది కెటమైన్ అనే మత్తుమందును అధిక మోతాదులో పొడిచారు. అతను మళ్లీ లేవలేదు. ఆ సిబ్బందిలో ఇద్దరిని కోర్టు దోషులుగా తేల్చింది.

కట్టడి విషయం ఇంకా కఠినమైనది. అమెరికాలో హార్ట్‌ఫర్డ్ కొరంట్ పత్రిక 1998లో జరిపిన పరిశోధన, అంతకుముందు దశాబ్దంలో కట్టడిలోనో ఏకాంత నిర్బంధంలోనో, లేదా ఆ వెంటనే జరిగిన 142 మరణాలను వెలికితీసింది. బోర్లా పడేసి వీపు మీద బరువు మోపితే ఊపిరి ఆడదు. పెనుగులాట శరీరంలో ఆమ్లాన్ని పెంచుతుంది, గుండె లయ తప్పుతుంది. కదలకుండా గంటల తరబడి పడుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. కట్టేసిన మనిషి తన ప్రాణం తాను కాపాడుకోలేడన్న సంగతి 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి లోకానికి చూపించింది. మానసిక రోగుల్ని గొలుసులతో బంధించి ఉంచిన ఒక ఆశ్రమంలో నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. ఇక కట్టడి నిజంగా అవసరమని తోచిన సందర్భాల్లో ఎన్ని నిజంగా అవసరం? రియోలో 105 మందిపై జరిపి 2012లో ప్రచురించిన ప్రయోగంలో, కట్టేయాల్సిందేనని సిబ్బంది అనుకున్నవాళ్లలో కొందరిని కట్టకుండా విడిగా ఒక గదిలో ఉంచారు. మూడింట రెండొంతుల మందికి చివరిదాకా కట్లు అవసరమే పడలేదు. మన చట్టం ఏకాంత నిర్బంధాన్ని నిషేధించింది కాబట్టి ఆ గదిని ఇక్కడికి తెచ్చుకోలేం. కట్లు తప్పవన్న మన అంచనా చాలాసార్లు తప్పుతుందన్న పాఠాన్ని మాత్రం తెచ్చుకోవచ్చు.

ఆ చట్టం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. గొలుసులు ఏ రూపంలోనూ కూడదంటుంది 95వ సెక్షన్. తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడే, చికిత్స చేస్తున్న మానసిక వైద్యుడి అనుమతితో, అవసరమైనంతసేపే కట్టడి చేయవచ్చంటుంది 97వ సెక్షన్. కారణం రాసిపెట్టాలి, రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. శిక్షగానో, సిబ్బంది చాలడం లేదన్న సాకుతోనో కట్టకూడదు. రోడ్డు మీద తిరుగుతున్న మానసిక రోగిని పోలీసులు లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసర చికిత్సను ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా 72 గంటల వరకు ఇవ్వవచ్చు, ప్రతినిధి అందుబాటులో ఉంటే ఆయన సమ్మతితో. ఈ చివరి అంశం చాలామంది కంటపడనిది. ఎర్రగడ్డో విశాఖ మానసిక వైద్యశాలో అందరికీ దగ్గర కాదు. ఉద్రేకంలో ఉన్న రోగి ముందు చేరేది ఏరియా ఆసుపత్రికి, జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీకి. కాబట్టి ఈ నైపుణ్యం అక్కడి డ్యూటీ డాక్టరుకూ నర్సుకూ వార్డుబాయ్‌కీ సెక్యూరిటీ గార్డుకూ ఉండాలి.

అక్కడివాళ్లు వెంటనే అనేది ఒకటుంది. ఒక్క డాక్టరు, ఇద్దరు నర్సులు, బయట వందమంది. మాటలతో బుజ్జగించే తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్నలో నిజాయితీ ఉంది గానీ లెక్క సరిగా లేదు. మాటతో శాంతింపజేయడం తరచుగా అయిదు నిమిషాల్లోపే ఫలిస్తుందని ప్రాజెక్ట్ బీటా నిపుణుల అనుభవం. సురక్షితంగా కట్టాలంటే ఒక్కో కాలికీ ఒక్కో చేతికీ ఒకరు చొప్పున పట్టేవాళ్లు, తలను చూసుకునేవాళ్లు ఒకరు, అంటే అయిదుగురు కావాలి. తరవాత కట్లు విప్పేదాకా ఒకరు కాపలా ఉండాలి. సిబ్బంది తక్కువున్నచోట కట్టడి చవక కాదు, అన్నింటికంటే ఖరీదైన పని. రెండో మాట సిబ్బంది భద్రత. దెబ్బలు తినమని ఎవరూ చెప్పడం లేదు. ఒంటరిగా గదిలోకి వెళ్లకపోవడం, కత్తెరలూ సెలైన్ స్టాండులూ అందుబాటులో లేకుండా చూడడం, సాయం పిలిచే ఏర్పాటు ఉండడం ఈ పద్ధతిలో భాగాలే. పెన్సిల్వేనియా రాష్ట్ర మానసిక ఆసుపత్రులు 1990 నుంచి 2000 మధ్య వెయ్యి రోగి-రోజులకు కట్టడి సంఘటనలను 3.5 నుంచి 1.2కు, ఏకాంత నిర్బంధాన్ని 4.2 నుంచి 0.3కు తగ్గించాయి. సిబ్బందికి గాయాల లెక్క ఉన్న 1998-2000 మధ్య ఆ గాయాలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఎందుకంటే దెబ్బలు ఎక్కువగా తగిలేది పెనుగులాటలోనే. పెనుగులాటలు తగ్గితే దెబ్బలు పెరగవలసిన పని లేదు.

ఇవన్నీ ఆసుపత్రి గుమ్మం దగ్గర మొదలయ్యేవి కావు. ఇంట్లో ఒకరు రెచ్చిపోయినప్పుడు వీధి వీధంతా గుమిగూడడం, ‘ఏం రోగం వచ్చిందిరా నీకు’ అని నిలదీయడం, తాళ్లతో కట్టి ఆటోలో వేసుకురావడం ఆ మనిషిలో భయాన్ని పదింతలు చేస్తాయి. అతను నమ్మే ఒక్కరు, అక్కో బాబాయో స్నేహితుడో, మిగతావాళ్లను దూరంగా పంపి మాట్లాడాలి. కత్తులు, కర్రలు, గాజు సామాను తీసేయాలి. 108 అంబులెన్సు మానసిక రోగికీ రావాలి. ఇతర రోగులకు అందే అంబులెన్సు సేవ వీళ్లకూ అదే తీరున అందాలని చట్టం చెబుతోంది. ఏం చేయాలో పాలుపోకపోతే 2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆసుపత్రికి వచ్చేటప్పుడు పాత మందుల చీటీలు తెచ్చుకోవాలి. చివరగా ఎప్పుడు నిద్రపోయాడు, ఏం తాగాడు, తలకు దెబ్బ తగిలిందా, షుగర్ ఉందా అన్న వివరాలు డాక్టరుకు చెప్పాలి. ఆ నాలుగు ముక్కలు ఏ స్కానింగుకూ తీసిపోవు.

చివరికి మిగిలేది ఒక ఆచరణాత్మక వాదన. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి జబ్బులు ఒక్కసారి వచ్చిపోయేవి కావు, చాలామందిలో మళ్లీ తిరగబెడతాయి. ఉద్రేకం తగ్గాక రోగిని కూర్చోబెట్టి, ఏం జరిగిందో, ఎందుకు సూది ఇవ్వవలసి వచ్చిందో, మరోసారి ఇలా అనిపిస్తే ఏం చేస్తే బాగుంటుందో మాట్లాడమని మార్గదర్శకాలు చెప్పేది అందుకే. కట్లతో, తిట్లతో వైద్యం అందుకున్నవాడు రెండోసారి జబ్బు మొదలైనప్పుడు ఆసుపత్రికి దూరంగా పారిపోతాడు, చేయి దాటిపోయాకే పట్టి తెస్తారు, మళ్లీ అదే గోల. మనిషిగా చూశారన్న నమ్మకం కలిగినవాడు తొలి నిద్రలేని రాత్రే తనంతట తాను ఓపీకి వచ్చే వీలుంది. క్యాజువాలిటీలో ఒక మూల ప్రశాంతమైన చోటు, డ్యూటీలో ఉండే ప్రతి ఒక్కరికీ ఏడాదికోసారైనా శిక్షణ, ప్రతి కట్టడికీ కారణం రాసే రిజిస్టరు, ఆ రిజిస్టరును చదివే అధికారి, వీటికి కోట్లు అక్కర్లేదు. ఈ నాలుగూ ఉన్నాయా లేవా అని మన జిల్లా ఆసుపత్రి అభివృద్ధి సంఘాలు అడగడం మొదలుపెడితే, చట్టం పుస్తకంలో ఉన్న హక్కు మంచం దగ్గరకు చేరుతుంది.